విద్యార్థి ఉద్యమ చరిత్రలో ఏడ్చే తల్లి ఒక్కతేనా?

2024 డిసెంబర్ 9న హైదరాబాద్ సచివాలయం ఆవరణలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహాన్ని ఆవిష్కరించారు. కిరీటం ఉండాలా వద్దా, చేతిలో బతుకమ్మ ఎందుకు తీసేశారు, చీర రంగేమిటి అని చాలా రోజులు వాదనలు జరిగాయి. ఆ సందర్భంలోనే ఉద్యమానికి పాటతోనూ, మాటతోనూ, శిల్పంతోనూ తోడు నిలిచిన తొమ్మిదిమందికి ప్రభుత్వం సత్కారం ప్రకటించింది. ఇంటి స్థలం, కోటి రూపాయలు, తామ్రపత్రం. గూడ అంజయ్య, గద్దర్, బండి యాదగిరి, అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ, జయరాజు, పాశం యాదగిరి, ఎక్కా యాదగిరిరావు. వీళ్ళలో ఎవరి అర్హత గురించీ మనకు పేచీ లేదు. వాళ్ళ పాటలు మనమూ మన సభల్లో పాడుకున్నాం. కానీ తొమ్మిదిమందీ మగవాళ్ళే. ధూంధాం వేదికల మీద రాత్రుళ్ళు గొంతెత్తిన విమలక్క గానీ మరే స్త్రీ గానీ ఆ జాబితాలో లేరు. కిరీటం గురించి అంత వాదించిన పెద్దలకు ఈ సంగతి తట్టనే లేదు. ఒకే సందర్భంలో బొమ్మేమో స్త్రీది, గుర్తింపేమో పురుషులది.

ఇది ఒక ప్రభుత్వం చేసిన పొరపాటు అనుకుంటే సరిపోదు. తెలంగాణలో విద్యార్థి ఉద్యమాలను సాహిత్యమూ సంస్కృతీ గుర్తు పెట్టుకునే పద్ధతే మొదటి నుంచీ ఇలా ఉంది. కొడుకు ఉద్యమిస్తాడు, తూటాకు బలవుతాడు, తల్లి ఏడుస్తుంది. ఈ మూడు వాక్యాల్లో యాభై ఏళ్ళకు పైగా జ్ఞాపకాన్ని సర్దేశారు. అందులో స్త్రీకి దక్కిన పని ఏడవటం ఒక్కటే.

1969 సంగతి చూద్దాం. ఆ ఏడు జనవరి 8న ఖమ్మంలో అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి తెలంగాణ రక్షణల అమలు కోసం నిరాహార దీక్షకు కూర్చున్నాడు. వారాలు తిరగకుండా ఉద్యమం ఉస్మానియాకూ, వరంగల్‌కూ, ప్రతి తాలూకా కేంద్రంలోని హైస్కూలుకూ పాకింది. జనవరి 24న సదాశివపేటలో మొదటి కాల్పులు. అక్కడ గాయపడిన శంకర్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు చనిపోయాడు. మే 1న రాజధానిలో ఊరేగింపు మీద మళ్ళీ కాల్పులు. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం ఆ ఏడంతా లాఠీతోనూ తుపాకీతోనూ పాలించింది. ఉద్యమం చెప్పే లెక్క ప్రకారం చనిపోయినవాళ్ళు 369 మంది. సర్కారు లెక్క ఏనాడూ దాని దరిదాపులకు రాలేదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితికి ఇచ్చి జనం తమ తీర్పు చెప్పారు. ఆ ఏడాదే సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. చెన్నారెడ్డి తర్వాత ముఖ్యమంత్రి అయ్యాడు. విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ కేంద్రంలో మంత్రి అయ్యాడు. చనిపోయిన పిల్లల ఇళ్ళల్లో ఏమైందో రాసినవాళ్ళు లేరు.

హైదరాబాద్‌లో అసెంబ్లీ ఎదుట గన్‌పార్కు స్థూపానికి 1970లో పునాదిరాయి వేశారు. ఎక్కా యాదగిరిరావు శిల్పం. తూటాల గుర్తులున్నాయి, పైన పువ్వుంది, అప్పటి తొమ్మిది జిల్లాలకు తొమ్మిది గుర్తులున్నాయి. చాలా ఏళ్ళు ఆ స్థూపం దగ్గరకు వెళ్ళటమే నేరంగా ఉండేది, జూన్ వస్తే పోలీసులు కాపలా ఉండేవాళ్ళు. ఇప్పుడు ప్రతి ప్రభుత్వమూ అక్కడ పూలగుచ్ఛం పెట్టాకే పని మొదలుపెడుతోంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున స్టీలు ప్రమిద ఆకారంలో ఇంకో పెద్ద స్మారకం లేచింది. రాయి నుంచి స్టీలు దాకా వచ్చాం. ఆ తల్లుల పేర్లు, అక్కచెల్లెళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

సాహిత్యమైనా ఈ పని చేసిందా? మన జిల్లాల నుంచే చూద్దాం. జనగామ దగ్గర వావిలాలలో పుట్టిన నవీన్ రాసిన ‘అంపశయ్య’ సరిగ్గా 1969లోనే అచ్చయింది. ఉస్మానియా హాస్టల్లో ఒక విద్యార్థి ఒక్క రోజు, నిద్ర లేచింది మొదలు. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి మనసును అంత లోతుగా తవ్విన నవల తెలుగులో మరొకటి లేదు. అయితే అది ఉద్యమానికి ముందు రాసింది కనుక కాల్పులు అందులోకి రాలేదు. పైగా ఆ మనసు మగపిల్లవాడిది. ఆడపిల్లలు అతని చూపుకు ఎంత కనిపిస్తే అంతే కనిపిస్తారు. మానుకోట తాలూకా చిన్నగూడూరు మనిషి దాశరథి రంగాచార్య ఆ రోజుల్లోనే ‘చిల్లర దేవుళ్ళు’ తెచ్చాడు. అది నిజాం కాలపు గడీల కథ. ఆడబాప వనజను మరిచిపోలేని పాత్రగా నిలబెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందటి గడీని అంత బాగా చూసిన సాహిత్యానికి కళ్ళ ముందు పేలుతున్న తుపాకీ ఎందుకు కనిపించలేదు?

దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. సాయుధ పోరాటాన్ని గుర్తు పెట్టుకునే రచయితలు ఎక్కువమంది వామపక్షం వాళ్ళు. 1969లో రెండు కమ్యూనిస్టు పార్టీలూ ప్రత్యేక రాష్ట్రాన్ని వ్యతిరేకించాయి. ఆ ఉద్యమం వాళ్ళ దృష్టిలో పక్కదారి పట్టిన ఉద్యమం. మరుసటి ఏడే విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, చురుకైన యువకుల చూపు శ్రీకాకుళం వైపు మళ్ళింది. ఇక ఉద్యమానికి నాయకత్వం వహించినవాళ్ళకు, పార్టీ మారిన తర్వాత ఆ జ్ఞాపకం మెడకు గుదిబండ అయింది. అలా రెండు వైపుల నుంచీ 1969 అనాథ అయింది. కాళోజీ లాంటివాళ్ళు కవిత్వంలో దాన్ని బతికించారు గానీ, ఇళ్ళ లోపలి సంగతి చెప్పగల నవలలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా రాలేదు.

మనం కూడా తక్కువ తినలేదు. తెలుగునేల మీద ఆధునిక స్త్రీ ఉద్యమ చరిత్ర చెప్పమంటే 1974లో ఉస్మానియాలో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం దగ్గర మొదలుపెడతాం. వరకట్నానికీ, అశ్లీల పోస్టర్లకూ వ్యతిరేకంగా వీధిలోకి వచ్చిన అమ్మాయిల గురించి గర్వంగా చెబుతాం. అదే ఆవరణలో, అయిదేళ్ళ కిందటే ఊరేగింపులు తీసి, సత్యాగ్రహాలు చేసి, జైళ్ళకు వెళ్ళిన అమ్మాయిల సంగతి ఎత్తం. అది ‘ప్రాంతీయ’ ఉద్యమం కదా!

మరి 1969లో స్త్రీలు లేరా? జె. ఈశ్వరీబాయి ఉంది. రిపబ్లికన్ పార్టీ శాసనసభ్యురాలు, దళిత స్త్రీ, అసెంబ్లీలో ముఖ్యమంత్రిని నిలదీసింది, జైలుకు వెళ్ళింది. టి.ఎన్. సదాలక్ష్మి ఉంది. పాకీ పనివాళ్ళ కులంలో పుట్టి మంత్రి అయి, డిప్యూటీ స్పీకర్ అయి, 1969లో ప్రజా సమితి ముందు వరుసలో నిలిచింది. 1967 ఎన్నికల్లో ఈ ఇద్దరూ ఎల్లారెడ్డిలో ఒకరి మీద ఒకరు పోటీ చేసినవాళ్ళు. రెండేళ్ళకల్లా ఒకే ఉద్యమంలో ఉన్నారు. ఇంతకన్నా ఏ నవలకైనా కథావస్తువు ఏం కావాలి? సదాలక్ష్మి జీవితాన్ని ఆమె నోటి నుంచే విని గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ రాసింది. 2011లో వచ్చింది ఆ పుస్తకం. అంటే సంఘటన జరిగిన నలభై రెండేళ్ళకు, ఆమె చనిపోయిన ఏడేళ్ళకు. అదీ ఒక దళిత రచయిత్రి పూనుకుంటేనే.

వీళ్ళు నాయకురాళ్ళు. నాయకులు కాని ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఆ ఏడు నెలల తరబడి కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి. తెలంగాణ విద్యార్థులు ఒక విద్యా సంవత్సరాన్ని త్యాగం చేశారని ప్రతి చరిత్ర పుస్తకమూ రాస్తుంది. ఒక ఏడు పోతే మగపిల్లవాడు మళ్ళీ కాలేజీకి వెళ్ళాడు. ఆడపిల్లకు? ఇంట్లో కూర్చున్న ఆ ఏడు పెళ్ళిచూపుల ఏడు అయింది. ఎంతమందికి చదువు అక్కడే తెగిపోయిందో ఎవరు లెక్క తీశారు?

ఈ మధ్య జనగామ వైపు ఒక ఊళ్ళో మహిళా సంఘాల సమావేశం అయిపోయాక పెద్దవాళ్ళతో ఈ మాటే కదిపాను. డెబ్బై దాటిన ఒకామె, “నేనేం జేసిన బిడ్డా, జేసింది మా అన్న, జైలుకు వోయింది మా అన్న” అంది. కాసేపు వేరే మాటలు నడిచాయి. మళ్ళీ తనే అందుకుంది. అన్నను పట్టుకుపోయిన రాత్రి పోలీసులు ఇల్లంతా చిందరవందర చేశారట. వాళ్ళమ్మ కాళ్ళ కడియాలు అమ్మి వకీలుకు ఇచ్చిందట. “నేను ఎనిమిది సదువుతున్న. అన్న కేసుకు పైసలు గావాలె గద, నా సదువు బంద్ వెట్టిండ్రు. అన్న తర్వాత సారు అయిండు. నాకు ఆ యాడాదే లగ్గం జేసిండ్రు.” ఎదురుగా కూర్చున్న కోడలు, “అత్తమ్మా, ఈ ముచ్చట నాకెన్నడు జెప్పలే” అంది. “ఎవలు అడిగిండ్రు?” అంది ఆమె.

ఏ స్థూపమూ ఈమెను లెక్కలోకి తీసుకోదు. ఆమె చావలేదు, జైలుకు వెళ్ళలేదు, ఏడుస్తూ వేదిక ఎక్కలేదు. అయినా ఒక ఉద్యమాన్ని అణిచివేయటానికి రాజ్యం చేసిన ఖర్చులో ఒక వంతు ఆమె చదువు నుంచి వసూలైంది.

పాటల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చరిత్ర పుస్తకం కన్నా పాటే ఎక్కువ దూరం పోతుంది. ఊళ్ళల్లో చావు జరిగితే ఆడవాళ్ళు శోకం తీస్తారు. పోయినవాడి గుణగణాలు, చేసిన కష్టం, ఇంటి అప్పు, చంపినవాడి మీద తిట్లు, అన్నీ వరుస కట్టి ఏడుస్తూ పాడతారు. అది స్త్రీల సొంత కళ. ఎవరూ రాసివ్వరు. అందులో దుఃఖం ఎంత ఉంటుందో నిలదీత అంత ఉంటుంది. అమరవీరుల పాటల్లో పెద్ద భాగం ఈ శోకాల బాణీ నుంచే పుట్టింది. అయితే బాణీ తీసుకుని, గొంతు మార్చారు. తల్లి అన్నట్టుగా రాసిందీ మగవాళ్ళే, వేదిక మీద పాడిందీ ఎక్కువగా మగవాళ్ళే. ఆ పాటల్లో తల్లి కొడుకును కన్నందుకు గర్వపడుతుంది, ఇంకో కొడుకుంటే వాడినీ ఇస్తానంటుంది. నిజంగా శోకం తీసే తల్లి అలా అనదు. నా బిడ్డను ఎవడు ముందుకు తోశాడు, తోసినవాడి బిడ్డ ఎక్కడున్నాడు అని అడుగుతుంది. ఆ ప్రశ్నను పాటలోంచి తీసేశారు.

2009 తర్వాత ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. ఈసారి లాఠీలూ, బాష్పవాయువూ, రబ్బరు తూటాలతో పాటు ఆత్మబలిదానాలు వచ్చాయి. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌లో నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబర్ 3న చనిపోయాడు. 2010 ఫిబ్రవరిలో ఉస్మానియా దగ్గర సిరిపురం యాదయ్య. ఆ తర్వాత వందల మంది. ఆ తల్లులను సభల్లో ముందు వరుసలో కూర్చోబెట్టారు. శ్రీకాంతాచారి తల్లి శంకరమ్మ ఒక్కరి పేరు అందరికీ తెలిసింది. 2014లో హుజూర్‌నగర్ నుంచి పోటీకి నిలబెడితే ఆమె ఓడిపోయింది. మిగతా తల్లుల పేర్లు చెప్పమంటే నాయకులే కాదు, మనమూ తడుముకుంటాం.

ఉద్యమ వేదికల మీద అమరుల సంఖ్య 1200 అని చెప్పేవాళ్ళు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం గుర్తించి 10 లక్షల రూపాయల సాయం ఇచ్చిన కుటుంబాలు అందులో సగం కూడా లేవు. ఇచ్చిన చోట కూడా ‘కుటుంబం’ అంటే ఎవరు? చనిపోయినవాళ్ళలో పెళ్ళయినవాళ్ళూ ఉన్నారు. ఆ చిన్న వయసు వితంతువులకూ అత్తమామలకూ మధ్య డబ్బు గురించి, ఉద్యోగం గురించి వచ్చిన తగాదాలు మన సంఘాల దాకా వచ్చినవే. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అమరుడి భార్య కాకుండా పోతుందని పెద్దమనుషులు తేల్చిన పంచాయతీలు మనలో చాలామంది చూశారు. అమరత్వానికి కూడా పితృస్వామ్యం వారసత్వ పత్రం అడుగుతుంది. ఈ సంగతి మీద ఒక పాట లేదు, ఒక కథ వస్తే అది ఉద్యమాన్ని కించపరచటం అవుతుందని భయం.

ఏడవని స్త్రీలు దొరికినప్పుడు మన సంస్కృతి ఏం చేస్తుందో మానుకోట చెబుతుంది. 2010 మే 28న మహబూబాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర జగన్ ఓదార్పు యాత్రను అడ్డుకోవటానికి కాకతీయ, ఉస్మానియా విద్యార్థులు, చుట్టుపక్కల జనం, తండాల నుంచి లంబాడీ ఆడవాళ్ళు చేరారు. ఆయన రైలును వంగపల్లిలోనే ఆపి వెనక్కి పంపారు గానీ మానుకోటలో తుపాకులు పేలాయి, పలువురు గాయపడ్డారు. పట్టాల మీది కంకరరాళ్ళతో జనం ఎదురు నిలిచారు. ఆనాటి నుంచి ‘మానుకోట రాయి’ ఉపన్యాసాల్లో, పాటల్లో, కవిత్వంలో ఒక పౌరుషపు గుర్తు అయింది. రాయికి పేరొచ్చింది. ఆ రాళ్ళు ఏరి కొంగులో పోసుకుని తెచ్చి అందించిన ఆడవాళ్ళకు రాలేదు. తర్వాత కోర్టు వాయిదాలకు తిరిగినవాళ్ళెవరు, ఆ రోజు కూలి పోయినవాళ్ళెవరు అని అడిగిన కవి నాకు తగల్లేదు.

సినిమా గురించి ఎక్కువ చెప్పటం అనవసరం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో హత్యకు గురైన జార్జిరెడ్డి మీద 2019లో సినిమా వచ్చింది, అందులో అమ్మాయికి దక్కింది అతన్ని ఇష్టపడే పాత్ర. 2022లో వచ్చిన ‘విరాటపర్వం’ మన వరంగల్ ప్రాంతాన్నే నేపథ్యం చేసుకుని, 1992లో తను నమ్మి వెళ్ళిన వాళ్ళ చేతుల్లోనే చనిపోయిన ఒక అమ్మాయి కథ నుంచి పుట్టింది. ఆడపిల్లను నడిమధ్యన నిలబెట్టినందుకు మెచ్చుకోవాలి. కానీ ఆమె అడవికి పోవటానికి కూడా ఒక నాయకుడి మీద ప్రేమే కారణం కావలసి వచ్చింది. అబ్బాయికి రాజకీయం చాలు, అమ్మాయికి ప్రేమ కావాలి!

ఇప్పుడు జ్ఞాపకానికి కొత్త రూపం వచ్చింది. గ్రూప్-2 పరీక్షలో తెలంగాణ ఉద్యమం మీద 150 మార్కుల పేపరు ఉంది. హన్మకొండ కోచింగ్ సెంటర్లలో భూపాలపల్లి నుంచీ మహబూబాబాద్ నుంచీ వచ్చిన ఆడపిల్లలు రాత్రింబగళ్ళు చదువుతున్నారు. మొదటి కాల్పులు ఎక్కడ, దీక్షకు మొదట కూర్చున్నది ఎవరు, ఏ తేదీ. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టాలి. తమ నానమ్మ చదువు ఎందుకు ఆగిందో ఆ నాలుగింటిలో ఉండదు. ఉండాలని నేను కోరటం లేదు, బిట్ ప్రశ్న అయ్యాక అదీ చచ్చిపోతుంది.

మన దగ్గర దారి లేక కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ళ ఊళ్ళకు వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే విన్నారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ అందులో మాట్లాడింది. దళంలో ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాట్లాడింది. పోరాటం అయిపోయాక పార్టీ తమను వంటింటికి ఎలా పంపిందో ఆ స్త్రీలు చెప్పిన తర్వాతే ఆ పోరాటం గురించి మన అవగాహన మారింది. అప్పటికి ఆ పోరాటం ముగిసి 35 ఏళ్ళు. ఐలమ్మ పుస్తకం అచ్చు కాకముందే, 1985లో కన్నుమూసింది. 1969కి ఇప్పుడు యాభై ఏళ్ళు దాటిపోయాయి. ఓరుగల్లులో రుద్రమ ప్రచురణలు నడిపి ఎందరో స్త్రీల రాతలు అచ్చులోకి తెచ్చిన అనిశెట్టి రజిత 2025 ఆగస్టులో వెళ్ళిపోయింది. అడగవలసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

కొందరు అంటారు, మేడారంలో కోటిమంది మొక్కేది రాజ్యంతో యుద్ధం చేసిన తల్లీకూతుళ్ళకే కదా, ఈ నేల స్త్రీని మరిచిపోయిందని ఎలా అంటారు అని. సమ్మక్క, సారలమ్మలను కొలుస్తాం, నిజమే. గద్దె మీద ఉన్నవాళ్ళను కొలవటం తేలిక, వాళ్ళు వాంగ్మూలం ఇవ్వరు.

పని చిన్నదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మన సంఘాలున్న ప్రతి మండలంలో 1969 నాటికి హైస్కూల్లోనో కాలేజీలోనో ఉన్న ఆడవాళ్ళను, అన్నదమ్ములు జైలుకు వెళ్ళిన ఆడవాళ్ళను వెతకాలి. ఆనాడు పద్దెనిమిదేళ్ళున్న అమ్మాయి ఇప్పుడు డెబ్బై అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. “ఉద్యమంలో ఏం చేశారు” అని అడిగితే ఏమీ చెయ్యలేదనే అంటారు. ఇంటికి పోలీసులు వచ్చారా, ఎవరి నగలు అమ్మారు, ఎవరి బడి ఆగింది, ఎవరి పెళ్ళి ముందుకు జరిగింది అని అడగాలి. కాకతీయ వైద్య కళాశాల నుంచి కొల్లూరి చిరంజీవి లాంటి నాయకులు వచ్చారని చరిత్రలో ఉంది. అదే కళాశాలలో చదివిన అమ్మాయిలు తర్వాత డాక్టర్లయి ఉంటారు, వాళ్ళను వెతకటం కష్టం కాదు. భూపాలపల్లి జిల్లాకు పేరిచ్చిన జయశంకర్ సారు 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థి. వరంగల్‌లో మొదలైన ఆ ఉద్యమంలో ఆ ఊరి బడుల నుంచి బయటికి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారా లేరా అన్నది ఎవరూ వెతికి రాయలేదు. అప్పటివాళ్ళలో ఇంకా ఎవరైనా ఉంటే తొంభైకి దగ్గరపడి ఉంటారు. ముందు వాళ్ళ దగ్గరకు వెళ్ళాలి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే, రికార్డు చేసి రాసి పంపితే ఈ పత్రిక వచ్చే సంచికల్లో వేస్తుంది. పేరు వద్దన్నవాళ్ళ పేరు వెయ్యం.